గడియారమ్మ దూకనివ్వదు

ఆమెకి కన్నవాళ్లు ముచ్చటపడి పెట్టుకున్న పేరు ఒకటి ఉంది. ఆఫీసు కార్డు మీద తప్ప అది ఇంకెక్కడా కనపడదు. అంబులెన్సులు పంపించే ఆ కాల్ సెంటర్లో నేల తుడిచే ఆయా మొదలుకొని మేనేజరు దాకా అందరికీ ఆమె గడియారమ్మే. మొదట్లో చాటున అనుకునేవాళ్లు. ఒకరోజు అది ఆమె చెవిన పడింది. "చాటుగా ఎందుకర్రా, మొహాన్నే పిలవండి. పలుకుతాను," అంది. అప్పట్నుంచీ మొహాన్నే పిలుస్తున్నారు. ఆమె పలుకుతూనే ఉంది.

ఆమె ఉద్యోగం సర్వర్లు చూసుకోవడం. ఫోన్లు ఎత్తేవాళ్లు కూర్చునే పెద్ద హాలు చివర, అద్దాల తలుపు వెనక, నడివేసవిలో కూడా స్వెటరు వేసుకోక తప్పని చల్లటి గది ఆమెది. నిలువెత్తు ఇనప అరల్లో మెషీన్లు తేనెపట్టులా రొద పెడుతుంటాయి. వాటికి జబ్బు చేస్తే చూడాలి, పాతబడితే మార్చాలి, వేడెక్కితే చల్లార్చాలి. అవన్నీ ఆమె చేస్తుంది, బాగానే చేస్తుంది. ప్రాణం మాత్రం వాటి గడియారాల మీదే పెట్టుకుంది.

సర్వరు గడియారం అంటే అసలు తప్పే చెయ్యదని జనం నమ్మకం. ఉత్త మాట. చేతి వాచీలాగే అదీ రోజూ కాస్త ముందుకో వెనక్కో జరుగుతూనే ఉంటుంది. మేడ మీద బోర్లించిన గిన్నెలాంటి రిసీవరు ఒకటి ఉపగ్రహాల నుంచి అసలు టైము పట్టుకుని కిందికి పంపిస్తుంది. సర్వర్లు దాన్ని చూసి తమని తాము సరిదిద్దుకుంటాయి. ఆ సరిదిద్దుకోవడంలోనే ఉంది తిరకాసంతా. తేడా కనపడగానే ముల్లు పట్టుకుని ఒక్క గెంతు గెంతించడం ఒక పద్ధతి. వెనకబడ్డదాన్ని కొన్నాళ్లపాటు వెంట్రుకవాసి వేగంగా, ముందుకి పోయినదాన్ని వెంట్రుకవాసి నెమ్మదిగా నడిపించి, ఏ పనీ చెడకుండా దారిలోకి తేవడం ఇంకో పద్ధతి. గడియారమ్మది రెండోదే. మొదటిదాని మాటెత్తితే ఒంటికాలి మీద లేస్తుంది.

ఆ పట్టుదల చదువుకుంటే వచ్చింది కాదు, వాళ్ల నాయనమ్మ దగ్గర్నుంచి వచ్చింది.

చిన్నప్పుడు వాళ్లింట్లో గోడకి లోలకం గడియారం ఉండేది. నాన్న బస్సు డ్రైవరు. డిపోకి ఎక్కడ ఆలస్యమవుతానోనన్న భయంతో దాన్ని ఎప్పుడో పది నిమిషాలు ముందుకి తిప్పి పెట్టాడు. పెట్టినవాడు ఊరుకోక ఇంట్లో అందరికీ చెప్పాడు. ఇంకేముంది, ఇంటిల్లిపాదీ గడియారం చూడటం, మనసులో పది తీసెయ్యడం. పిల్లలు తీసివేతలు బళ్లో కంటే ముందు దాని దగ్గరే నేర్చుకున్నారు. భయపడి పెట్టిన పది నిమిషాలు ఎందుకూ కొరగాకుండా పోయాయి, తీసివేత మాత్రం ఇంటి అలవాటుగా మిగిలిపోయింది.

ఒకసారి బాబాయి వచ్చాడు. ఆయన ఎవరింటికి వెళ్లినా గోడ మీద వంకరగా ఉన్న ఫొటోలు సరిచేసే రకం. పొద్దున్నే లేచి, రేడియోతో పోల్చి చూసి, గడియారాన్ని చక్కగా పది నిమిషాలు వెనక్కి తిప్పి, ఎవరికీ చెప్పకుండా కాఫీ తాగుతూ కూర్చున్నాడు. నాన్న తీరిగ్గా గడ్డం గీసుకుని, గడియారం చూసి, అలవాటు ప్రకారం పది తీసేసి, ఇంకా బోలెడు టైముందని ఇంకో కప్పు కాఫీ అడిగాడు. డిపోకి వెళ్లేసరికి ఆయన బస్సుని ఇంకొకడు తీసుకుపోయాడు. సాయంత్రం ఇంట్లో పెద్ద రభస.

"నేను చేసిన తప్పేంటి? తప్పు టైముని రైటు చేశాను. అది కూడా నేరమేనా?" అన్నాడు బాబాయి.

నాయనమ్మ వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చింది. "గడియారానికి చెప్పావు, బాగానే ఉంది. మనుషులకి చెప్పావట్రా?" అంది.

ఆ తర్వాత ఆవిడ చేసిన పని గడియారమ్మ ఇప్పటికీ చెప్పుకుంటుంది. ముళ్లని మళ్లీ పది నిమిషాలు ముందుకి తిప్పి ఎప్పటిలాగే ఉంచింది. లోలకం అడుగున ఉండే బుల్లి మరని కాస్త వదులు చేసింది. లోలకం గుండు ఇసుమంత కిందికి దిగింది, గడియారం ఇసుమంత నెమ్మదించింది. వారానికోసారి కీ ఇచ్చి, భోజనాల దగ్గర చాటింపు వేసేది. "ఈ వారం తొమ్మిదే తియ్యండి." మరుసటి వారం, "ఎనిమిదే." నాన్న విసుక్కునేవాడు, పిల్లలు పగలబడి నవ్వేవాళ్లు, అయినా అందరూ ఆవిడ చెప్పినంతే తీసేవాళ్లు. ఎవరి బస్సూ తప్పిపోలేదు. చివరికి ఒకరోజు, "ఇంక తియ్యక్కర్లేదు. ఉన్నది ఉన్నట్టు చూసుకోండి," అని మరని మళ్లీ బిగించేసింది.

ఇంతటి వంశంలో పుట్టిన మనిషి చివరికి ఒక టైలరుని చేసుకుంది. ఆయన పెళ్లి బట్టలు పెళ్లయ్యాక ఇచ్చే రకం. ఎవరు ఎప్పుడడిగినా "రేపు రండి" తప్ప ఆయన నోట ఇంకో మాట రాదు. గడియారమ్మ మొదటి ఏడాది పోట్లాడింది, రెండో ఏడాది అలిగింది, ఆ తర్వాత ఇంట్లో వదిలేసి ఆ కోపమంతా ఆఫీసుకి పట్టుకుపోవడం అలవాటు చేసుకుంది. ఆఫీసులో గడియారాలు ఆమె చెప్పిన మాట వినేవి.

కొత్తగా చేరిన ప్రతివాళ్లకీ మొదటిరోజు ఆమె ఒకటే చెప్పేది. "తెర మీద టైము చూసి ఎప్పుడూ అనుమానపడకండి. మెషీన్ అబద్ధం చెప్పదు. చెప్పకుండా చూసుకోవడానికి నేనున్నాను." ఆ మాట అందరూ మనసులో పెట్టుకున్నారు. అందరికంటే గట్టిగా పెట్టుకున్నది కోయిల.

కోయిల అన్నది కూడా ఆఫీసు పెట్టిన పేరే. ఫోన్లు ఎత్తేవాళ్లలో ఆమె గొంతు వేరు. అవతల ఎంత వెక్కి వెక్కి ఏడుస్తున్నవాళ్లయినా ఆ గొంతు వింటే ఇంటి గుర్తులు సరిగ్గా చెప్పగలిగేవారు. అడ్రసు ఖాయం చేసుకోవాలి, రోగిని ఎలా పడుకోబెట్టాలో చెప్పాలి, ఫోను పెట్టేసి 'పంపించు' అనే బటను నొక్కాలి. బటను నొక్కగానే దగ్గర్లో ఉన్న అంబులెన్సులో బీప్ మోగుతుంది. ఇదీ అక్కడి పని. కోయిల ఫోను పెట్టడమూ బటను నొక్కడమూ ఒకటే కదలికలా ఉండేవి.

హాల్లో గోడ మీద రెండు పెద్ద తెరలు ఉన్నాయి. ఒకటి మెయిన్ సర్వరుది, వచ్చే ఫోన్లు, వెళ్లే బళ్లు అన్నీ టైముతో సహా రాసుకునేది అదే. రెండోది బళ్లు ఎక్కడెక్కడ తిరుగుతున్నాయో చూపించే మ్యాపు. దాని మూలన కూడా టైము కనపడుతుంది, అది వేరే మెషీన్‌ది. ఆ ఏడాది గడియారమ్మని ఇంకో బ్రాంచిలో కొత్త మెషీన్లు పెట్టడానికి కొన్నాళ్లు పంపించారు. ఆమె లేనప్పుడు రిసీవరు నుంచి మెయిన్ సర్వరుకి వచ్చే కేబుల్ని ఎలుకలు కొరికేశాయి. టైము అందట్లేదని సర్వరు తెర మీద మొత్తుకుంటూనే ఉంది. చూసినవాళ్లందరూ ఇంకెవరో చూసుకుంటార్లే అనుకున్నారు. ఆమె తిరిగొచ్చేసరికి మెయిన్ సర్వరు మూడు నిమిషాలు వెనకబడి ఉంది.

గడియారమ్మ ముందు తల పట్టుకుంది, తర్వాత అందర్నీ తిట్టింది, తర్వాత పనిలోకి దిగింది. ఇంకో దారిన టైము తెప్పించి, సర్వరు గడియారాన్ని వెంట్రుకవాసి వేగంగా నడిచేలా పెట్టింది. మేనేజరు వచ్చి గోడ మీది తెరలు రెండూ మార్చి మార్చి చూశాడు.

"ఇవి ఎప్పటికి కలుస్తాయండీ?"

"నాలుగైదు రోజులు పడుతుంది సార్."

"నాలుగైదు రోజులా! రేపు తనిఖీకి వస్తున్నారు. గోడ మీద రెండు టైములు కనపడితే నా పరువేం కాను? ఒక్క కమాండుతో అయిపోయేదానికి..."

"ఆ కమాండు కొట్టకండి సార్. మధ్యలో ఉన్న కాల్స్ టైములన్నీ చెడిపోతాయి. అంత తొందరైతే కాల్స్ పక్క మెషీన్ మీదికి మళ్లిద్దాం, దీన్ని ఖాళీ చేసి అప్పుడు మారుద్దాం. సాయంత్రానికల్లా ఏర్పాటు చేస్తాను."

"సరే సరే. ముందు మేడ మీద ఆ కేబుల్ సంగతి చూడండి."

ఆమె మేడెక్కింది. మిట్టమధ్యాహ్నం ఎండలో మోకాళ్ల మీద కూర్చుని, ఎలుకలని నానా మాటలూ అంటూ, కొత్త కేబుల్ బిగించింది. దిగి వచ్చేసరికి గోడ మీద రెండు తెరలూ ఒకే టైము చూపిస్తున్నాయి. మేనేజరు చేతులు కట్టుకుని, పెళ్లికొడుకులా నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు తనూ మెషీన్లు చూసినవాడే. చెయ్యి దురద పెట్టినట్టుంది.

"చూశారా? చిటికెలో పని."

గడియారమ్మకి ఒళ్లు మండిపోయింది. "ఆ చిటికెలో లైన్లో ఎంతమంది ఉన్నారు సార్?"

"ఏమో! అయినా ఏమైంది ఇప్పుడు? అంతా నడుస్తూనే ఉందిగా?"

ఏయే కాల్స్ టైములు చెడ్డాయో చూసి రికార్డులో ఆ సంగతి చేర్చాలంది ఆమె. తనిఖీ అవ్వనివ్వండి అన్నాడు. తనిఖీవాళ్లు వచ్చి, గోడ మీద టైములు చక్కగా కలిశాయని మెచ్చుకుని వెళ్లారు. ఆమె మళ్లీ అడిగింది. చూద్దాం అన్నాడు. మూడోసారి అడగబోయేలోపు ఫిర్యాదు వచ్చి పడింది.

ఆ మధ్యాహ్నం ఒక వడ్రంగి పని చేసుకుంటూ గుండె పట్టుకుని కూలబడ్డాడు. కూతురు ఫోను చేసింది. ఎత్తింది కోయిల. అడ్రసు అడిగింది, ఆయన్ని వెనక్కి ఆనించి కూర్చోబెట్టమంది, తలుపు తీసి ఉంచమంది, ఫోను పెట్టేసింది, బటను నొక్కింది. సరిగ్గా ఫోను పెట్టడానికీ బటను మీద వేలు పడటానికీ మధ్య, అద్దాల గదిలో మేనేజరు కమాండు కొట్టాడు. వడ్రంగి ఆసుపత్రి దాకా చేరలేదు. కూతురు కాగితాలు అడిగింది. ఫోను పెట్టేశాక మూడు నిమిషాలకి గానీ బండిని పంపలేదని సర్వరు రికార్డులో స్పష్టంగా ఉంది.

కోయిలని సీట్లోంచి లేపేశారు. విచారణ అయ్యేదాకా ఇంట్లో ఉండమన్నారు.

విన్న సాయంత్రమే గడియారమ్మ వాళ్లింటికి వెళ్లింది. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు, కిటికీ నిండా ఆరేసిన బట్టలు. ఆమె తెచ్చిన మాట ఒకటే: తప్పు నీది కాదు, గడియారం దూకింది. ఆ మాట వింటే పిల్ల లేచి కూర్చుంటుందనుకుంది. కోయిల వింది, తల అడ్డంగా ఊపింది.

"నన్ను ఓదార్చడానికి అంటున్నావక్కా."

"ఓదార్చడం తప్ప నాకింకేం పని లేదనుకున్నావా? జరిగింది చెప్తున్నాను."

"నేను నిజంగానే కూర్చుండిపోయి ఉంటాను. ఆ రోజు పొద్దున్న మా అత్తగారితో గొడవైంది. అదే ఆలోచిస్తూ ఉండిపోయి ఉంటాను. రోజూ ఈ కుర్చీలో కూర్చుని, ఫోను పెట్టినట్టు పెట్టి, మూడు నిమిషాలు చూస్తున్నానక్కా. ఎంతసేపో తెలుసా? పాలు పొంగి పొయ్యి మీద పడిపోయేంతసేపు. అంతసేపు ఒక మనిషి ప్రాణం మీదికొస్తే నేనేం చూస్తూ కూర్చున్నానో గుర్తు రావట్లేదు. గుర్తు కూడా రాని మనిషిని ఇంకేమనాలి?"

"కూర్చోలేదు కాబట్టి గుర్తు రావట్లేదే పిచ్చిదానా!"

"మెషీన్ అబద్ధం చెప్పదని నువ్వేగా చెప్పావు," అంది కోయిల.

ఆ కాల్ సెంటర్లో అందరి నోళ్లూ మూయించే గడియారమ్మ లేచి బయటికి వచ్చేసింది. మెట్లు దిగుతూ ఆలోచించింది. ఉద్యోగం ఒకటే పోయి ఉంటే ఇంకోటి చూసుకోవచ్చు. ఈ పిల్ల చెయ్యని ఆలస్యాన్ని తన బుర్రలోనే తయారుచేసుకుంది, దానికి అత్తగారితో గొడవని కారణంగా కూడా కుట్టుకుంది. ఇలాగే వదిలేస్తే జన్మంతా ఒక మనిషిని చంపానని నమ్ముతూ బతుకుతుంది. విచారణలో అడిగితే ఒప్పేసుకుంటుంది కూడా. ఆమెకి భయమేసింది, భయం కంటే ఎక్కువగా కోపం వచ్చింది.

మర్నాడు మేనేజరు గదిలోకి పిలిచాడు. కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"విచారణలో మిమ్మల్ని ఒక్క ముక్క అడుగుతారు. సర్వరు టైము సరిగ్గానే ఉందా అని. ఉందని చెప్పండి. అబద్ధం కూడా కాదుగా? బండి పంపిన టైము సెకనుతో సహా కరెక్టు."

"ఫోను వచ్చిన టైమో?"

"అదంతా వాళ్లకి అర్థమవుతుందా? గడియారం తేడాగా ఉందని మనమే చెప్పుకుంటే, రేపు ప్రతి కాల్‌కీ ఎవడో ఒకడు వేలెత్తి చూపిస్తాడు. సెంటరే మూతపడుతుంది. మీకు రిటైర్మెంటు కూడా దగ్గర్లో ఉంది, ఎందుకండీ ఈ వయసులో తలనొప్పి?"

"మీరు దూకించిన మూడు నిమిషాలు గాల్లో కలిసిపోలేదు సార్. ఆ పిల్ల నెత్తిన పడ్డాయి. వాటిని దించేదాకా నాకు రిటైర్మెంటు లేదు."

"నా మాట కాదంటే తర్వాత జరిగేవాటికి నేను బాధ్యుణ్ని కాను."

"ఇప్పటిదాకా జరిగినవాటికి మాత్రం అయ్యారా ఏంటి?" అని తలుపు తీసుకుని వచ్చేసింది.

ఇంటికొచ్చి మొగుడికి చెప్పింది. ఆయన మిషను తొక్కుతూనే విన్నాడు. "చెప్పెయ్యి. ఉద్యోగం ఊడితే నా దగ్గర కాజాలు కుట్టుకుందువుగాని," అన్నాడు.

"నేను కుడితే బట్టలు చెప్పిన రోజుకి అందుతాయి. నీ కొట్టుకి ఉన్న పేరు పోతుంది."

"అదీ నిజమే," అని ఆయన దారం తెంపాడు. చాలా రోజుల తర్వాత ఇద్దరూ నవ్వుకున్నారు.

విచారణ ఒక పొడవాటి గదిలో పెట్టారు. పొడవాటి బల్ల, దాని మీద ఆకుపచ్చ గుడ్డ, నీళ్ల సీసాలు, తలుపు పక్క గోడకి గుండ్రటి గడియారం. బల్ల వెనక మధ్యలో తెల్లజుట్టు పెద్దాయన కూర్చున్నాడు, తీర్పు ఆయనదే. ఒక పక్క మేనేజరు. ఎదురుగా కుర్చీ చివర కోయిల, ఆమె పక్కన గడియారమ్మ. వెనక మూలన వడ్రంగి కూతురు, సంచీ ఒళ్లో పెట్టుకుని, ఎవరివైపూ చూడకుండా.

మేనేజరు రికార్డు చదివాడు. తమకి ఎంత బాధగా ఉందో కూడా చదివాడు, అదీ కాగితం మీద రాసుకొచ్చాడు. పెద్దాయన కోయిల వైపు తిరిగాడు.

"ఫోను పెట్టేశాక ఆ మూడు నిమిషాలూ ఏం చేశావమ్మా?"

కోయిల లేచి నిలబడింది. "నాకు... ఆ రోజు ఇంట్లో గొడవైందండీ. నేను ఏదో ఆలోచిస్తూ..."

"ఆపవే!" అంది గడియారమ్మ. గది అదిరింది.

పెద్దాయన కళ్లజోడు తీశాడు. "మీ వంతు ఇంకా రాలేదండీ. కూర్చోండి."

"నా వంతు వచ్చేసరికి ఈ పిల్ల చెయ్యని తప్పు ఒప్పేసుకుంటుంది. కూర్చోనండీ. బయటికి పంపాలంటే పంపండి, కానీ ముందు ఆ గోడ గడియారం చూసి టైము ఎంతైందో చెప్పండి."

ఆ గొంతుకి అలవాటు లేని మనిషి కాబోలు, పెద్దాయన చూశాడు. "పదకొండు దాటి పది నిమిషాలు."

"కోయిలా, ఇక్కణ్నుంచి ఆ తలుపు దాకా నడువు."

కోయిల ఏం అర్థంకాక నడిచింది. ఆమె తలుపు చేరేలోపు గడియారమ్మ ఒక కుర్చీని బరబరా లాక్కెళ్లి, గోడ కింద వేసి, ఎక్కి, పెద్దముల్లుని మూడు గీతలు ముందుకి తోసింది.

"ఇప్పుడెంత?"

"పదమూడు."

"ఈ గది దాటడానికి ఈ పిల్లకి మూడు నిమిషాలు పట్టిందని రాసుకోండి. నేను అనట్లేదు, గడియారం అంటోంది. ఆ రోజు మా సర్వరులో జరిగింది ఇదే. మూడు నిమిషాలు వెనకబడ్డ గడియారాన్ని, ఫోన్లు మోగుతుండగా, నేను వద్దంటున్నా వినకుండా ఒక్క దూకు దూకించారు. ఫోను వచ్చినప్పుడు పాత టైము, బండి వెళ్లినప్పుడు కొత్త టైము."

మేనేజరు ఎర్రబడ్డాడు. "ఇది అన్యాయమండీ! ఆవిడ ఇప్పుడు గడియారాన్ని పాడుచేసింది. మేం చేసింది బాగుచెయ్యడం. తప్పు టైముని రైటు చేశాం!"

గడియారమ్మ కుర్చీ మీదనే ఇటు తిరిగింది. ఆ మాట ఆమె చిన్నప్పుడే విని ఉంది, జవాబు కూడా విని ఉంది.

"గడియారానికి చెప్పారు సార్. మనుషులకి చెప్పారా?"

పెద్దాయన మేనేజరు వైపు తిరిగి, "ఆ రోజు టైము మార్చారా, లేదా?" అన్నాడు. అవునో కాదో తేలనంత మెల్లగా ఏదో అన్నాడు మేనేజరు, తనిఖీ అన్న మాట ఒక్కటే వినపడింది.

అప్పుడు వెనక మూల నుంచి వడ్రంగి కూతురు మాట్లాడింది. "మీ రికార్డులో నా ఫోను ఎప్పుడు వచ్చినట్టు ఉందండీ?"

పెద్దాయన కాగితం చూసి చదివాడు. ఆ అమ్మాయి సంచీలోంచి ఫోను తీసింది. ఆ రోజు కాల్‌ని ఆమె చెరిపెయ్యలేదు. నాన్న ఊపిరితో ఉండగా చేసిన చివరి కాల్ అది. చాలాసేపు తెర వైపు చూసి, లేచి వచ్చి, ఫోనుని బల్ల మీద పెట్టింది.

"ఇందులో దానికంటే మూడు నిమిషాల తర్వాత ఉంది. నేను ఫోను చెయ్యకముందే మీరు ఎత్తారా?"

పెద్దాయన ఫోనునీ కాగితాన్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. తేడా సరిగ్గా మూడు నిమిషాలే.

తర్వాత ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను, మళ్లీ దాని జోలికి పోను. కోయిలకి సీటు తిరిగిచ్చారు. మేనేజరుకి ఏమీ కాలేదు, అలాంటివాళ్లకి ఏమీ కాదు. వేరే ఆఫీసులో ఇంకాస్త పెద్ద కుర్చీ వేశారు. పైవాళ్ల మాట ధిక్కరించిందనీ, విచారణలో వంతు తప్పి మాట్లాడిందనీ గడియారమ్మని మాత్రం పాత టైర్లు, స్ట్రెచర్లు పడేసే గోడౌనుకి మార్చారు. అక్కడ టైముతో పనేం ఉండదని పంపినవాళ్ల ఆలోచన. ఆమె వెళ్లిన వారంలోనే ఆ గోడౌను గోడ గడియారం ముందుకి పోతోందని కనిపెట్టి, లారీ డ్రైవర్లందరికీ పొద్దున్నే చాటింపు వెయ్యడం మొదలుపెట్టింది, ఈ వారం ఎన్ని నిమిషాలు తియ్యాలో.

ఆ రోజు గదిలో మాత్రం ఎవరికీ రేపటి సంగతి పట్టలేదు. వడ్రంగి కూతురు బల్ల దగ్గరే నిలబడి ఉంది. మొదటిసారి కోయిల మొహంలోకి చూసింది, కానీ అడిగింది గడియారమ్మని.

"అయితే మా నాన్నకి ఆలస్యం చేసింది ఎవరూ లేరా?"

ఇంతసేపూ గది అదిరేలా మాట్లాడిన మనిషి గొంతు తగ్గించింది. "లేరమ్మా. ఫోను పెట్టీపెట్టగానే ఈ పిల్ల బండి పంపింది. అయినా అందుకోలేకపోయాం."

ఆ అమ్మాయి తల ఊపింది. ఇన్నాళ్లూ ఆమెకి తిట్టుకోవడానికి ఒక మనిషి ఉంది. ఇప్పుడు ఆ మనిషి కూడా లేదు. ఆమె ఏడుపు ఆపుకోలేదు, ఎవరూ ఆపమని అనలేదు.

కాసేపటికి పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని, గోడ వైపు చూసి, బయట ఉన్న అటెండరుని కేకేశాడు. "ఆ గడియారం సరిగ్గా పెట్టవయ్యా."

"ఉండండి," అంది కోయిల. "నేను పెడతాను."

ఆమె వచ్చి కుర్చీ ఎక్కింది. పాత కుర్చీ, ఒక కాలు పొట్టి, ఎక్కగానే పక్కకి ఒరిగింది. గడియారమ్మ చెయ్యి చాపేలోపు వడ్రంగి కూతురు వచ్చి రెండు చేతులతో కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. కోయిల పెద్దముల్లు మీద వేలు ఆనించింది. ఒక గీత వెనక్కి తెచ్చింది. ఆగింది. ఇంకో గీత తెచ్చింది. మూడో గీత కూడా తెచ్చి వేలు తీసేసింది.

ఏ గడియారాన్నీ, ఏ రోజూ, ఎవరు చెప్పినా దూకనివ్వని గడియారమ్మ అక్కడే నిలబడి అంతా చూసింది. ఈసారి వద్దనలేదు. కోయిల ఆ అమ్మాయి భుజం పట్టుకుని కిందికి దిగింది.